నాలుగు గుర్తుల డబ్బా

ఆస్పత్రి కింది అంతస్తులో, బట్టలుతికే హాలు పక్కన, ఒక గది. కిటికీ బాగా ఎత్తులో ఉంటుంది. అందులోంచి బయట నడిచేవాళ్ళ కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. లోపల ఒక కుట్టు మిషను, ఒక పొడుగాటి బల్ల, గోడ నిండా అరలు. ఎడమ వైపు అరల్లో చిరిగినవి. కుడి వైపు అరల్లో కుట్టినవి. మధ్యలో, ముప్పై ఒక్క ఏళ్ళుగా, ఆవిడ.

సన్నటి మనిషి. మిషను ముందు కూర్చుంటే వెనకనుంచి చిన్నపిల్ల అనుకుంటారు. చిరుగుని వేళ్ళ మధ్య పట్టుకుని అది ఎలా చిరిగిందో చెప్పేది.

"ఇది మంచం మేకు. ఇది గోరు. ఇది కోపం."

"కోపం కూడా తెలుస్తుందా అమ్మా?" అని కొత్త నర్సులు అడిగేవాళ్ళు.

"కోపంలో చింపింది తిన్నగా చిరుగుతుంది," అనేది ఆవిడ. మళ్ళీ తల దించుకుని కుట్టుకునేది.

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. చిక్కంతా దానితోనే. అది మగవాళ్ళకీ చెల్లే పేరు, ఆడవాళ్ళకీ చెల్లే పేరు. ఆవిడ ఉండే వీధీ, దాని వెనక వీధీ కలిపితే ఆ పేరు గలవాళ్ళు నలుగురు. ఇంటిపేర్లు వేరు, కానీ మొదటి అక్షరం ఒక్కటే. ఎవరికి ఎవరూ చుట్టాలు కారు. పైగా ఆ రెండు వీధుల్లో ఇళ్ళ నంబర్లు రెండుసార్లు మార్చారు. కొంతమంది పాత నంబరు రాస్తారు, కొంతమంది కొత్తది. పోస్టు తెచ్చే ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చేది.

అందుకని జనం వాళ్ళని పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశారు. తాళాలు బాగుచేసే పెద్దాయన తాళాలాయన. బళ్ళో లెక్కలు చెప్పి మానుకున్నాయన మేష్టారు. సిటీ బస్సు నడిపే ముప్పై ఏళ్ళ అమ్మాయి బస్సమ్మాయి. ఈవిడ దుప్పట్లావిడ.

తాళాలాయన షాపులో గల్లా పక్కన ఒక పాత బిస్కట్ల డబ్బా ఉండేది. ఆ పేరుతో వచ్చిన ఉత్తరాలన్నీ పోస్టావిడ అందులో పడేసి చేతులు దులుపుకునేది. నలుగురూ వీలున్నప్పుడు వచ్చి చూసుకునేవాళ్ళు. విప్పి చదివితే గాని ఎవరిదో తెలియదు కాబట్టి, ఒకరి సంగతి ఇంకొకరికి తెలియకుండా ఉండడం కుదిరేది కాదు. మేష్టారి షుగరు రిపోర్టు ఒకసారి బస్సమ్మాయి చేతిలో పడింది. మర్నాడు పొద్దున్న ఆయన వీధి మొగలో టీ తాగుతుంటే బస్సు ఆగింది. కిటికీలోంచి కేక వినిపించింది.

"మేష్టారూ! మూడొందలట! ముందు ఆ చేతిలో బిస్కట్టు కింద పడేయండి!"

బస్సులో వాళ్ళంతా తొంగి చూశారు. మేష్టారు బిస్కట్టు జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాతే తాళాలాయన నియమం పెట్టాడు. ఉత్తరం నీదని తెలిస్తే కవరు మీద నీ గుర్తు వెయ్యి. ఆయన గుర్తు తాళంచెవి. మేష్టారిది త్రికోణం. బస్సమ్మాయిది చక్రం. దుప్పట్లావిడది ఒకదాన్నొకటి దాటే రెండు కుట్లు. గుర్తు పడ్డ కవరుని మిగతా ముగ్గురూ ముట్టుకోకూడదు. చదివినా చదవనట్టే ఉండాలి. ఐదేళ్ళలో ఆ నియమం ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పి ఉంటే ఇదంతా జరిగేది కాదు.

నలుగురికీ ఇంకో పోలిక ఉంది. చేతులు ఊరికే ఉండవు. మేష్టారు పాత పెన్నుల మూతల్లో సుద్దముక్కలు బిగించి గోరంత మిగిలేదాకా రాసేవాడు. బస్సమ్మాయి తన బస్సు మెట్ల దగ్గర స్కూటరు అద్దం ఒకటి వంచి బిగించింది. అడుగు మెట్టు మీద పిల్లలెవరైనా నిలబడితే సీట్లోంచే కనిపిస్తారు. డిపోలో మిగతా డ్రైవర్లు మొదట నవ్వారు. తర్వాత ఒక్కొక్కరూ స్కూటరు అద్దాల కోసం వెతకడం మొదలెట్టారు.

తాళాలాయన సంగతి వేరు. ఆయన కనిపెట్టాననే చెప్పుకునేవాడు. పద్దెనిమిదేళ్ళు ఒకే తాళం మీద కూర్చున్నాడు. దానికి నాలుగు చెవులు. ఏ చెవితో తీసినా తెరుచుకుంటుంది. కానీ ముందు వైపు గోరంత కిటికీ ఉంటుంది. ఆఖరిసారి ఏ చెవితో తీశారో దాని గుర్తు ఆ కిటికీలో నిలిచిపోతుంది.

"తాళం అన్నాక తీయాలి, మూయాలి," అనేది ఆయన భార్య. "ఎవరు తీశారో చెప్పడానికి అదేమన్నా పక్కింటి పిన్నిగారా?"

ఆయన ఆ తాళం బొమ్మ గీసి ఎన్ని కంపెనీలకి పంపాడో లెక్క లేదు. కొత్త పనిముట్లని పరీక్షించి మంచివాటిని జాబితాకెక్కించే సంఘం ఒకటి ఊళ్ళో ఉంది. దానికే రెండుసార్లు పంపాడు. ఎక్కడినుంచీ ఉలుకూ పలుకూ లేదు.

దుప్పట్లావిడ చేసింది కూడా ఒకటుంది. కానీ దాన్ని కనిపెట్టడం అంటారని ఆవిడకి తెలియదు.

చాలా ఏళ్ళ కిందట ఆవిడ అత్తగారు మూడేళ్ళు మంచాన పడింది. భారీ మనిషి. ఒంటి చేత్తో ఆవిడని పక్కకి తిప్పలేక, పైకి జరపలేక, కోడలు ఒకరోజు దుప్పటి అంచు పట్టుకుని బలమంతా పెట్టి లాగింది. దుప్పటి నిలువునా చిరిగింది. అత్తగారు ఉన్నచోటే ఉంది.

కోడలు ఆ చిరిగిన దుప్పటి ముందు పెట్టుకుని మధ్యాహ్నమంతా కూర్చుంది. పాత గొడుగు గుడ్డలు విప్పి అడుగున కుట్టింది, జారడానికి. పిల్లల పుస్తకాల సంచులకుండే పట్టీలు తెచ్చి రెండు వైపులా మూడేసి బిగించింది, పట్టుకోవడానికి. సాయంత్రం మంచం మీద పరిచి, మోకాలు మంచానికి ఆన్చి, పట్టీలు పట్టుకుని లాగింది. అత్తగారు పడవలా కదిలింది.

"ఏమే, నన్ను మూట కట్టి ఎక్కడికి తీసుకుపోతున్నావే?" అని ఆవిడ నవ్వింది. మంచాన పడ్డాక నవ్వడం అదే మొదలు. "ఇంకోసారి లాగు!"

ఆ తర్వాత ఆస్పత్రిలో పనికిరావని పక్కన పడేసిన దుప్పట్లతో, ఖాళీ దొరికినప్పుడల్లా, అలాంటివే కుట్టింది. మొత్తం ఇరవై రెండు. పై వార్డుల్లో వాటికోసం ఆయాలు పోట్లాడుకునేవాళ్ళు. పాత స్టోరు ఆఫీసరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. కొత్తాయన ఊరుకోలేదు.

"పట్టీల దుప్పటి అనేది మా లిస్టులో లేదమ్మా," అన్నాడు. "లేనిదాన్ని నేను ఉతికించలేను, కుట్టించలేను. మీరున్నన్నాళ్ళూ కానివ్వండి."

ఆవిడ రిటైరు కావడానికి రెండు నెలలుంది. ఇరవై రెండింటిలో అప్పటికే ఆరు పీలికలయ్యాయి. ఆవిడ ఆ రాత్రి భర్తతో ఒక్క మాటే అంది.

"నేను బయటికొచ్చిన ఏడాదికి ఒక్కటీ మిగలదండీ."

ఆయన అచ్చాఫీసులో అక్షరాలు పేర్చి రిటైరైన మనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు. "లిస్టులోకి ఎక్కాలంటే ఏం చెయ్యాలట?"

"ఆ పనిముట్ల సంఘం వాళ్ళు మంచిదని రాసివ్వాలట."

"రాయించు మరి."

"దుప్పటి పనిముట్టేమిటండీ, చోద్యం కాకపోతే," అని ఆవిడ దీపం తీసేసింది.

* * *

ఆ తర్వాత మూడు వారాలకి తాళాలాయన షాపు ముందు జనం పోగయ్యారు. దుప్పట్లావిడ పని నుంచి వస్తూ ఆగింది. తాళాలాయన ముఖం చేటంత చేసుకుని గడప మీద నిలబడి ఉన్నాడు. ఆయన మామూలుగానే తలుపంత మనిషి. ఆవేళ తలుపు చాలలేదు.

"చెల్లెమ్మా! వచ్చింది!"

"ఏం వచ్చింది అన్నయ్యా?"

"సంఘం నుంచి! మీ సాధనం పరీక్షకి ఎంపికైంది, ఇరవయ్యో తారీఖు పొద్దున్న పదింటికి సాధనంతో సహా రండి, మీ సంఖ్య నలభై ఏడు! పద్దెనిమిదేళ్ళు చెల్లెమ్మా!"

కవరు ఆయన చేతిలో ఊగుతోంది. దాని మీద తాళంచెవి గుర్తు, ఎప్పుడూ లేనంత పెద్దది.

"నా తాళానికి ఒక సంచీ కుట్టి పెట్టాలి నువ్వు. మఖమల్ది. గుడ్డ నేను కొని తెస్తాను. చేతిలో అలా పట్టుకుపోతే ఏం బాగుంటుంది?"

"కుడతాను అన్నయ్యా," అందావిడ. నిజంగా సంతోషంగా ఉంది. ఇంటిదాకా ఆ సంతోషంతోనే నడిచింది.

మర్నాడు పెద్ద నర్సు కింది గదికి దిగి వచ్చింది. ఆవిడ కిందికి దిగడం అరుదు. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది.

"అమ్మా, జవాబు వచ్చిందా?"

"దేనికి?"

"మీకు చెబితే వద్దంటారని చెప్పలేదు. పట్టీల దుప్పటి ఫొటోలు తీసి పనిముట్ల సంఘానికి నేనే పంపాను. మీ పేరు, మీ ఇంటి చిరునామా రాశాను. పై వార్డు వాళ్ళందరం సంతకాలు పెట్టాం. ఎంపికైతే మీకు ఉత్తరం వస్తుందన్నారు."

దుప్పట్లావిడ సూది గుడ్డకి గుచ్చింది.

"నంబరేమైనా ఇచ్చారా?"

"పోస్టులో వెయ్యకుండా మా మనిషితో పంపాను, అక్కడే రసీదు మీద రాసిచ్చారు. నలభై ఏడు."

పైన కిటికీలో కాళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. దుప్పట్లావిడ వాటినే చూస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రం చెప్పేద్దామని తాళాలాయన షాపుకి వెళ్ళింది. ఆయన అప్పుడే క్షవరం చేయించుకుని వచ్చాడు. "ఎలా ఉంది చెల్లెమ్మా? పదేళ్ళు తగ్గానా?" అని తల అటూ ఇటూ తిప్పి చూపించాడు. ఆవిడ బాగుందని చెప్పి వచ్చేసింది.

రెండు రోజులకి మళ్ళీ వెళ్ళింది. ఆయన లేడు. భార్య గల్లా దగ్గర కూర్చుంది.

"మీ అన్నయ్య ఇవాళ స్నానం చేస్తూ పాట పాడారు వదినా," అంది. "పెళ్ళయిన కొత్తలో పాడేవారు. నేను పొయ్యి మీద పాలు మర్చిపోయి తలుపు దగ్గర నిలబడి విన్నాను. పాలు పొంగిపోయాయి. పోనీ."

దుప్పట్లావిడ మఖమల్ గుడ్డ తీసుకుని ఇంటికొచ్చింది. ఎర్రటిది. తాళం కొలత తీసి కత్తిరించింది. ఎప్పుడూ లేనిది ఒక చోట వంకరగా పోయింది.

భర్త చూశాడు. "నువ్వు వంకరగా కత్తిరించడం నేనెప్పుడూ చూడలేదు."

ఆవిడ సంగతంతా చెప్పింది. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"చెప్పకపోతే నీ దుప్పటి పోతుంది. చెబితే ఆయన పాట పోతుంది."

"రెండూ నిలబెట్టలేనా?"

"అచ్చులో తప్పు పడితే, అచ్చు వేసేముందే చెప్పాలి. వేశాక చెబితే కాగితాలన్నీ పాడు. అంతవరకే నాకు తెలుసు."

ఆవిడ ఇంకా వారం రోజులు నీళ్ళు నమిలింది. పద్దెనిమిదో తారీఖున ఒక ఆయా నడుం పట్టుకుని కింది గదికి వచ్చింది. పందొమ్మిదేళ్ళుంటాయేమో. గోడ పట్టుకుని నిలబడింది.

"అమ్మా, పట్టీల దుప్పట్లన్నీ ఉతుకులో ఉన్నాయట. మామూలు దుప్పటితో ఒక పెద్దాయన్ని జరిపాను. కలుక్కుమంది."

దుప్పట్లావిడ ఆ పిల్లని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి నడుం మర్దన చేసింది. చెప్పాలా వద్దా అన్న ఆలోచన ఆవిడ చేతుల్లోంచి అప్పుడే జారిపోయింది. ఉతికి వచ్చినవాటిలోంచి ఒక పట్టీల దుప్పటి మడతపెట్టి సంచిలో పెట్టుకుంది.

* * *

పందొమ్మిదో తారీఖు సాయంత్రం ఐదింటికి తాళాలాయన షాపులో ఉపన్యాసం నడుస్తోంది. ఆయన నిలబడి చదువుతున్నాడు. మేష్టారు స్టూలు మీద కూర్చుని దిద్దుతున్నాడు. డ్యూటీ దిగివచ్చిన బస్సమ్మాయి గల్లా మీద ఎక్కి కూర్చుని కాళ్ళు ఊపుతోంది.

"మొదటి వాక్యంలోనే 'అంటే' నాలుగుసార్లు వచ్చింది," అన్నాడు మేష్టారు.

"అంటే, మరి తీసేయమంటారా?"

"ఐదు."

"బాబాయ్, ఉపన్యాసం ఎందుకు? తాళం తీసి చూపించి, మళ్ళీ వేసి చూపించు. చాలు," అంది బస్సమ్మాయి. "పిన్నీ, నువ్వన్నా చెప్పు!"

దుప్పట్లావిడ ఎర్ర సంచీ తాళాలాయన చేతికిచ్చింది. వంకర పోయిన చోట చిన్న తాళంచెవి కుట్టి కప్పేసింది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు. తాళం అందులో పెట్టాడు. సరిగ్గా సరిపోయింది.

"అన్నయ్యా," అందావిడ. "ఆ ఉత్తరం నాది."

బస్సమ్మాయి కాళ్ళు ఊపడం ఆపేసింది.

"మా పెద్ద నర్సు నాకు చెప్పకుండా పంపింది. నలభై ఏడు అంటే నేను కుట్టిన దుప్పటి. నాకు తెలిసి పది రోజులైంది. రెండుసార్లు వచ్చాను. నోరు పెగల్లేదు. తప్పు నాదే."

తాళాలాయన కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది. చేతిలో ఉపన్యాసం కాగితం ఉంది. దాన్ని రెండుగా మడిచాడు. నాలుగుగా మడిచాడు. వెనక గదిలోంచి ఆయన భార్య గరిటె పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నువ్వెప్పుడు కనిపెట్టావు?" అన్నాడు చివరికి.

"కనిపెట్టలేదు అన్నయ్యా. కుట్టాను."

"ఏదీ, చూపించు."

ఆవిడ దుప్పటి తీసి నేల మీద పరిచింది. అడుగున జారుడు గుడ్డ చూపించింది. పట్టీలు చూపించింది. ఆయన గొంతుక్కూర్చుని పట్టీల కుట్లు గోటితో గీరి చూశాడు. పనివాడు ఇంకో పనివాడి పని చూసే చూపు అది.

"పట్టీకి మూడు వరసలు వేశావు. ఎందుకు?"

"రెండు వేస్తే బరువుకి మూలలు లేచిపోతున్నాయి."

"ఊఁ," అన్నాడు. లేచి చెప్పులు విడిచాడు. దుప్పటి మీద వెల్లకిలా పడుకున్నాడు. "లాగు."

"అన్నయ్యా..."

"లాగమంటుంటే!"

ఆవిడ పట్టీలు చేతికి చుట్టుకుని వెనక్కి వాలింది. తాళాలాయన కదిలాడు. నున్నటి గచ్చు మీద, తాళాల అరల పక్కనుంచి, గల్లా దాటి, మేష్టారి కాళ్ళ ముందునుంచి, గడప దాకా వచ్చేశాడు. బయట వీధిలో కూరగాయలు బేరమాడుతున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆగి చూశారు.

"అయ్యో, ఆయనకేమైంది?" అందొకావిడ.

"ఏమీ కాలేదమ్మా, ఊరేగుతున్నాను!" అని తాళాలాయన కిందనుంచే జవాబు చెప్పాడు. అప్పుడు ఆయన పొట్ట కదలడం మొదలైంది. పొట్ట తర్వాత భుజాలు. ఆయన నవ్వు షాపంతా నిండింది. తాళాలు గలగలమన్నాయి.

"చూశావా వదినా," అంది ఆయన భార్య గరిటె ఊపుతూ. "పాతికేళ్ళుగా ఈయన్ని ఆ కుర్చీలోంచి కదిలించలేకపోయాను. నాకూ ఒకటి కుట్టి పెట్టు!"

ఆయన లేచి, కవరు తీసి, తన తాళంచెవి గుర్తు పక్కన ఒకదాన్నొకటి దాటే రెండు కుట్లు గీశాడు. ఆయనకి బొమ్మలు గీయడం రాదు. కుట్లు రెండు పుల్లల్లా వచ్చాయి.

"ఒక కవరు మీద రెండు గుర్తులు ఎప్పుడూ పడలేదు," అన్నాడు మేష్టారు.

"ఇప్పుడు పడ్డాయి." తాళాలాయన కవరు ఆవిడ చేతిలో పెట్టాడు. పెట్టేముందు ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణం ఆవిడ చూసింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు మర్చిపోలేదు. "రేపు నేనూ వస్తాను చెల్లెమ్మా. నీకు బరువు కావాలి కదా."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"అయితే తాళం కూడా తీసుకురా. సంచీ కుట్టింది దానికోసం. ఖాళీ భుజంతో వస్తే నేను ఒప్పుకోను."

* * *

మర్నాడు సంఘం హాలు గేటు దగ్గర బల్ల వేసుకుని ఒక గుమాస్తా కూర్చున్నాడు. ముందు దుప్పటి సంచీతో ఆవిడ.

"పేరు?"

చెప్పింది. రాసుకున్నాడు. వెనక ఎర్ర సంచీ భుజాన వేసుకుని తాళాలాయన.

"పేరు?"

చెప్పాడు.

"ఆవిడ పేరు కాదండీ, మీ పేరు."

"అదే."

గుమాస్తా కలం ఆగింది. "మీరు?" అని మేష్టారిని అడిగాడు.

"అదే పేరు, నాయనా."

"మీరు?"

"మీరు నమ్మరు," అంది బస్సమ్మాయి. డ్యూటీకి సెలవు పెట్టి యూనిఫారంలోనే వచ్చింది.

"మీరంతా కలిసి నన్ను ఆటపట్టిస్తున్నారా?"

నలుగురూ తమ గుర్తింపు కార్డులు తీసి బల్ల మీద వరసగా పెట్టారు. గుమాస్తా వాటిని ఎడమనుంచి కుడికి చదివాడు. కుడినుంచి ఎడమకి చదివాడు. లేచి లోపలికి వెళ్ళి ఇంకో గుమాస్తాని పిలుచుకొచ్చాడు, చూపించడానికి.

"నలభై ఏడుకి ఒక్కరినే రానివ్వాలి," అన్నాడు ఆ రెండో ఆయన.

"మీ కాగితం చదవండి," అన్నాడు మేష్టారు, బళ్ళో చదివించిన గొంతుతో. "ఫలానా పేరు గలవారిని అనుమతించవలెను. మేము ఆ పేరు గలవారం. ఎంతమంది అని మీరు రాయలేదు. లెక్క మీ వైపు తప్పింది."

లోపలికి పంపారు.

పరీక్షించేవాళ్ళు ముగ్గురు. మధ్యలో కూర్చున్నావిడ కళ్ళజోడు ముక్కు కొసకి జార్చుకుని చూసింది. పెద్ద నర్సు అప్పటికే వచ్చి ఒక మూల నిలబడి ఉంది.

"రోగి ఎవరు?"

"నేను," అన్నాడు తాళాలాయన. పొడుగు బల్ల మీద పరిచిన దుప్పటి మీదికెక్కి పడుకున్నాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త క్షవరం. ఎర్ర సంచీ పొట్ట మీద పెట్టుకున్నాడు.

"ఆ బరువు కూడా ఎందుకండీ, తీసేయండి," అని పెద్ద నర్సు సంచీ అందుకుంది.

ముప్పై ఒక్క ఏళ్ళుగా దుప్పట్లావిడ చెప్పాల్సింది చేతులతోనే చెప్పింది. మోకాలు బల్లకి ఆన్చింది. పట్టీలు పట్టుకుంది. ఆయన్ని ఎడమ పక్కకి తిప్పింది. కుడి పక్కకి తిప్పింది. తల వైపుకి జరిపింది. ఆయన కళ్ళు మూసుకుని, ఒళ్ళంతా వదిలేసి, నిజం రోగి కన్నా నిజంగా ఉన్నాడు.

"ఆయన సాయం చేస్తున్నాడేమో," అన్నాడు పరీక్షించేవాళ్ళలో ఒకాయన.

"చెయ్యడం లేదు," అన్నాడు రోగి, కళ్ళు తెరవకుండా.

కళ్ళజోడావిడ లేచి వచ్చింది. తన చేతి గాజులు పైకి తోసుకుని పట్టీలు పట్టుకుని లాగింది. తాళాలాయన జర్రున వచ్చాడు. ఆవిడ నవ్వింది. "ఆగండి, ఇంకోసారి," అంది. అత్తగారి మాటే. దుప్పట్లావిడకి అప్పుడు భయం పోయింది. ఆ తర్వాత మిగతా ఇద్దరూ లాగారు. గుమాస్తాలు వచ్చి లాగారు. తాళాలాయన ఆ పూట బల్ల మీద ఎన్నిసార్లు అటూ ఇటూ ప్రయాణం చేశాడో మేష్టారు లెక్క పెట్టాడు. పదిహేడు.

"దీన్ని జాబితాకెక్కిస్తున్నాం," అంది కళ్ళజోడావిడ, కలం తీసి. "ఏమని రాయమంటారు? పేరేమిటి దీనికి?"

"పేరు లేదండీ. దుప్పటి."

"దుప్పటని రాస్తే ఏ దుప్పటని అడుగుతారు. పేరొకటి పెట్టండి."

ఆవిడ దిక్కులు చూసింది. బల్ల మీదనుంచి తాళాలాయన ఒక కన్ను తెరిచాడు.

"మా పేరే రాయండి," అన్నాడు. "మా నలుగురిదీ ఎక్కినట్టుంటుంది."

రాశారు.

వాళ్ళు బయల్దేరుతుంటే పెద్ద నర్సు ఇంకా మూలనే ఉంది. ఎర్ర సంచీలోంచి తాళం తీసి, ఒక్కొక్క చెవితో తీసి చూస్తోంది, వేసి చూస్తోంది.

"ఈ కిటికీలో బొమ్మలు మారుతున్నాయేమిటండీ?"

"ఆఖరిసారి ఎవరు తీశారో చెబుతుంది," అన్నాడు తాళాలాయన నీరసంగా. ఆ మాట ఆయన చాలామందికి చెప్పి ఉన్నాడు.

పెద్ద నర్సు తలెత్తింది. "మా వార్డులో మందుల బీరువా ఉంది. ఎవరు తీశారంటే అందరూ నేను కాదంటారు. దీనికి చెవులు నాలుగేనా?"

"నాలుగే."

"మేం ఆరుగురం."

తాళాలాయన ఆవిడని చూశాడు. చెల్లెమ్మని చూశాడు. మళ్ళీ ఆవిడని చూశాడు.

"ఆరు చేస్తాను," అన్నాడు. ఇంకోసారి అన్నాడు. "ఆరు చేస్తాను!"

ఇంటికి వస్తూ బస్సులో ఆయన పాట పాడాడు. బాగా పాడలేదు. ఎవరూ వద్దనలేదు.

* * *

దుప్పట్లావిడ రిటైరైంది. ఆ గదిలో ఇప్పుడు నడుం పట్టిన ఆయాపిల్ల కూర్చుంటోంది. పట్టీకి మూడు వరసలు వేస్తోంది. లిస్టులో ఎక్కింది కాబట్టి స్టోరు ఆఫీసరు గుడ్డ తనే తెప్పించి ఇస్తున్నాడు.

వార్డుల్లో ఎవరూ దాన్ని దుప్పటి అనరు. పేరు పెట్టే పిలుస్తారు. మేష్టారు షుగరు పరీక్షకి ఆస్పత్రిలో ఒక రోజు ఉండాల్సి వచ్చింది. తిరిగొచ్చి షాపులో కూర్చుని ముచ్చెమటలు తుడుచుకున్నాడు.

"కళ్ళు మూసుకుని పడుకున్నాను. నర్సు గట్టిగా నా పేరు చెప్పింది. ఆ పేరు బాగా మాసిపోయింది, తీసుకెళ్ళి వేడినీళ్ళల్లో ఉడకబెట్టండి అంది. మంచం దిగి పరిగెత్తాను."

బస్సమ్మాయి గల్లా మీదనుంచి పడబోయింది నవ్వలేక. "ఇప్పుడు మనం ఐదుగురం అన్నమాట!"

బిస్కట్ల డబ్బా మూతకి ఇప్పుడు ఉత్తరం పట్టే సందు ఉంది, తాళం ఉంది. కిటికీ ఉన్న తాళం. దుప్పట్లావిడ తన చెవి పెట్టి తిప్పింది. కిటికీలో త్రికోణం పక్కకి తప్పుకుని రెండు కుట్లు వచ్చి నిలబడ్డాయి. డబ్బాలో ఒకటే ఉత్తరం. విప్పింది. ఎక్కడో ఇంకో ఆస్పత్రి వాళ్ళు. పట్టీలు ఎంత వెడల్పు ఉండాలని అడిగారు.

"మీ ఎవరిదీ కాదుగా?" అని అడిగి, కలం తీసుకుని కవరు మీద తన గుర్తు వేసింది.

తాళాలాయన ఆరో చెవికి ఆకురాయి పెడుతూ తలెత్తలేదు.

"నాది కూడా వెయ్యి చెల్లెమ్మా," అన్నాడు. "బరువు నాదే కదా."

ఆవిడ వేసింది. తాళంచెవి సరిగ్గా వచ్చింది. ఎర్ర సంచీ మీద ఒకసారి కుట్టింది కదా, చేతికి గుర్తే.